రోడ్ల చదువు వదిలేసి డేటా సైన్స్‌కు మారాలా?

అనంతపురం నుంచి ఒక తల్లి రాశారు. అబ్బాయి బీటెక్ సివిల్ పూర్తిచేశాడు. అమెరికాలోని ఎడారి నగరం ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న టెంపీలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంఎస్‌కు అడ్మిట్ వచ్చింది. "అంత అప్పు చేసి పంపేది ఎడారిలో రోడ్లు వేయడానికా అంటున్నారు మా బంధువులు. డేటా సైన్స్‌కు మార్పించాలా? రెండూ పోల్చి చెప్పండి" అని అడిగారు.

అమ్మా, మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, అప్పు గురించి. వాడికి ఉద్యోగం రాకపోతే వాయిదాలు ఎవరు కట్టాలన్నదే మీకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆ భయం న్యాయమైనదే. దానికి మందు డేటా సైన్స్ అనుకోవడమే నాకు మింగుడు పడదు.

సివిల్, మెకానికల్, ఫార్మసీ, ఏది చదివిన పిల్లలనైనా ఇప్పుడు అటే తోస్తున్నారు. అలా వెళ్లి నా దగ్గరికి మళ్లీ వచ్చినవాళ్లను చూశాను. వందల అప్లికేషన్లు పెట్టారు. నాలుగేళ్లు ప్రోగ్రామింగ్ చేసి వచ్చినవాళ్ల పక్కన ఇంటర్వ్యూలో నిలవలేకపోయారు. సివిల్ కూడా అప్పటికి మర్చిపోయారు. పోనీ వీసాలో లాభముందా అంటే అదీ లేదు. చదువయ్యాక స్టూడెంట్ వీసాపైనే ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, దానిపై 24 నెలల పొడిగింపు రెండు కోర్సులకూ ఒకటే. ఆ తర్వాతి ఉద్యోగ వీసా హెచ్‌1బీ కూడా బ్రాంచి చూసి ఇవ్వరు.

ఇక ఆ ఎడారి సంగతి. ఫీనిక్స్ జనాభా 16 లక్షలు దాటింది, ఇంకా పెరుగుతోంది. ఆ ఊరున్న మారికోపా కౌంటీలో అమ్మకాలపై డాలరుకు అర సెంటు చొప్పున రోడ్లకు, బస్సులకు పన్ను కడతారు. 1985లో జనమే ఓటేసి ఒప్పుకున్నారు. 2004లో కొనసాగించారు, 2024 నవంబరులో మరో 20 ఏళ్లకు సరేనన్నారు. 2019 చివర్లో తెరిచిన 22 మైళ్ల సౌత్ మౌంటెన్ ఫ్రీవేకు ఆ డబ్బు కూడా వెళ్లింది. ఇంత ముందుచూపుతో నిధులు సమకూర్చుకున్న చోట ఇంజనీర్లకు పని దొరకదంటే నేను నమ్మను.

పని తేలికైనదీ కాదు. 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఎండకు మెత్తబడని తారు ఎంచుకోవాలి. 2020 నుంచి వీధులకు లేతరంగు పూత పూసి చూస్తున్నారు, అది వేడిని ఎంత తగ్గిస్తుందో కొలిచింది మీవాడు చేరబోయే యూనివర్సిటీవాళ్లే. వెడల్పాటి రోడ్లు, సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ చాలా దూరం. జనం మధ్యలో దాటుతారు, చీకట్లో ప్రాణాలు పోతాయి. నడిచేవాళ్లు బటన్ నొక్కితే వెలిగి కార్లను ఆపే హాక్ సిగ్నల్ పుట్టింది ఆ రాష్ట్రంలోనే, టూసాన్‌లో. ఇలాంటి చోట నేర్చుకున్నది మన రాయలసీమ ఎండల్లోనూ పనికొస్తుంది.

మీ రెండు పేజీల ఉత్తరంలో అబ్బాయి ఇష్టం గురించి ఉన్నది ఒక్క వాక్యమే. ప్రాజెక్టు కోసం క్లాక్ టవర్ దగ్గర మూడు రోజులు ఎండలో నిలబడి బండ్లు లెక్కపెట్టాడట, అది పిచ్చి అట. నాకు కోపం వచ్చింది, దాచను. ఎవరూ అడక్కుండా మూడు రోజులు రోడ్డును చూస్తూ నిలబడ్డ పిల్లవాడిని మీరు బంధువుల మాటతో కొలుస్తున్నారు.

అప్పు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టాల్సి వస్తే పంపొద్దు. గేట్ రాసి వరంగల్ నిట్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ చేయొచ్చు, నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పంపగలిగితే, అక్కడి ప్రభుత్వ ఆఫీసుల కంటే ముందు ఆ ఊళ్లకు డిజైన్లు చేసే కన్సల్టెన్సీలు వీసాకు సాయం చేస్తాయో లేదో వాడినే వాకబు చేయమనండి. అక్కడి సీనియర్లు మనవాళ్లే చాలామంది ఉన్నారు, అడిగితే చెబుతారు.

డేటా సైన్స్ ఫారం నింపే ముందు ఆ ప్రాజెక్టు రిపోర్టు తెమ్మని, ఏం లెక్కపెట్టాడో వాడి నోటే చెప్పించుకోండి.