భారమంతా అయ్యగారి మీదేనా?

ప్రశ్న: వందనాలండి. మాది గాజువాకలో చిన్న క్రైస్తవ సంఘం. వాక్యం, కేజీహెచ్ ఆస్పత్రిలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన, కానుకల లెక్క, ఆఖరికి మైక్ రిపేరు కూడా మా పాస్టర్ అయ్యగారే చూసుకుంటారు, ఈమధ్య బాగా నీరసపడిపోయారు. సాయం చేస్తామంటే పర్లేదమ్మా అంటారు. ఏం చెయ్యాలి?

జవాబు: వందనాలమ్మా. బైబిల్లో నిర్గమకాండం 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తగవులు తీరుస్తుంటే మామ యిత్రో చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ జనమూ నలిగిపోతారు అన్నాడు కదా, ఆ జనం సంగతే మనం మర్చిపోతాం. పదిమందికి ఒకరు, యాభైమందికి ఒకరు, అలా వెయ్యిమంది దాకా పెద్దల్ని పెట్టించాడు, పెద్ద సమస్యలే మోషే దగ్గరికి. అపొస్తలుల కార్యాలు 6లో కూడా విధవరాళ్ల భోజనాల పని ఏడుగురికి అప్పగించారు.

ఊరికే సాయం చేస్తామంటే ఎవరైనా పర్లేదనే అంటారమ్మా, ఫలానా పని మాది అని చెప్పండి. మీలో స్టీల్‌ప్లాంట్‌లో చేసేవాళ్లుంటే షిఫ్టులు చూసుకుని ఎవరు ఏ రోజు ఆస్పత్రికి వెళ్తారో ఆరాధన అయ్యాక రాసేసుకోండి. కానుకలు మాత్రం తప్పకుండా ఇద్దరు కలిసి లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు పెట్టాలి, రేపు అయ్యగారి మీద మాట రాకుండా ఉంటుంది. ఇంకోటి, సంఘ పెద్ద ప్రార్థనకొస్తే "అయ్యగారు రాలేదేంటి" అని దయచేసి ఎవరూ అనొద్దు, ఆ మాట వినే ఆయన జ్వరంతో కూడా పరిగెత్తుకొస్తారు.