అంకెను తోసేయకు, విప్పి చూడు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అందులో కోపం ఉంది, మంచిదే. చెన్నైలో మన తెలుగు కూలీనాలీ జనం బతుకు గురించి రాయాలని కూర్చున్నావు, అది ఇంకా మంచిది. కానీ మూడో పేరాలో "ప్రభుత్వం చెప్పే లెక్కలన్నీ బూటకం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నీ వ్యాసం అక్కడే ఆగిపోయింది. ఆ మాట తర్వాత చదివేవాడు కొత్తగా తెలుసుకునేది ఏమీ లేదు. ముందే నమ్మినవాడు తలూపుతాడు, నమ్మనివాడు పేజీ తిప్పేస్తాడు.

2024-25లో తమిళనాడు ఆర్థిక వ్యవస్థ 11.19 శాతం పెరిగిందని కేంద్ర గణాంక శాఖ లెక్క. అది అబద్ధమని చూపించే ఆధారం నీ దగ్గర లేదు, నా దగ్గరా లేదు. చెన్నై శివార్లలోని శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఒక్కసారి వెళ్లొచ్చినా ఫ్యాక్టరీలు ఎంత పెరిగాయో కళ్లకే కనిపిస్తుంది. అయితే ఆ అంకె కొలిచేది ఏమిటి? ఏడాదిలో రాష్ట్రంలో తయారైన సరుకులు, సేవల విలువ ఎంత పెరిగిందన్నది. అందులో జీతాలకు ఎంత పోయింది, లాభంగా ఎవరికి ఎంత మిగిలింది అన్నది దాన్ని చూసి చెప్పలేం. దానికి వేరే లెక్కలున్నాయి, అవీ ప్రభుత్వానివే. 2024-25 కేంద్ర ఆర్థిక సర్వే తీసి చూడు. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే, వాటిలో ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమేనని అందులోనే ఉంది. నువ్వు బూటకమని అవతల పడేసిన కట్టలోనే నీకు కావలసిన సాక్ష్యం ఉంది. నా బాధ అదీ.

ఆ 11.19 శాతం వార్త వచ్చింది 2025 ఆగస్టులో. సరిగ్గా ఆ రోజుల్లోనే చెన్నై కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ బయట పారిశుద్ధ్య కార్మికులు పగలూ రాత్రీ కూర్చుని ఉన్నారు. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పనిని ప్రైవేటుకు ఇవ్వొద్దని వాళ్ల డిమాండ్. 23 వేల దాకా వస్తున్న నెల జీతం కంపెనీ కిందికి వెళ్తే 17 వేల లోపుకు పడిపోతుందని వాళ్ల భయం. ఈ ఊళ్లో ఆ పని చేసేవాళ్లలో మన భాష మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయని నీకు తెలుసు. 13వ తేదీ రాత్రి పోలీసులు వాళ్లను అక్కణ్నుంచి తరలించారు. ఒకే నెల, ఒకే ఊరు, రెండు వార్తలూ నిజమే. ఈ రెండూ పక్కపక్కన ఎలా ఉండగలిగాయో నువ్వు విప్పి చెప్పాలి. ఒకదాన్ని అబద్ధం చేసేస్తే నీకు పని తగ్గుతుంది గానీ, చదివేవాడికి ఏమీ అర్థం కాదు.

నిరుద్యోగం గురించి రాసిన చోట కూడా ఇదే తొందర కనిపించింది. వ్యాసర్‌పాడిలో నాకు తెలిసిన ఒకావిడ ఉంది, నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెల్లారకముందే ఇంటి ముందు ఇడ్లీ బండి పెడుతుంది. కోడలు చట్నీ రుబ్బుతుంది, పార్సిళ్లు కడుతుంది, గిన్నెలు తోముతుంది. ఆ పిల్లకంటూ విడిగా రూపాయి ఉండదు. కొడుకు బీకాం పాసయ్యాడు, బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు, పెట్రోలు ఖర్చు అతనిదే. ప్రభుత్వ ఉద్యోగాల సర్వేవాళ్లు ఆ ఇంటికొస్తే ముగ్గురినీ పని ఉన్నవాళ్ల కిందే రాసుకుంటారు. కోడలిని ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకురాలిగా రాస్తారు. వాళ్ల నిబంధన ప్రకారం అది తప్పు కాదు. ఆ ఇంట్లో నిరుద్యోగం సున్నా.

ఇప్పుడు అదే సర్వేలో దేశం మొత్తం లెక్క చూడు. 2017-18లో 6.1 శాతం ఉన్న నిరుద్యోగ రేటు 2023-24కి 3.2కి దిగింది. అదే సర్వేలో, అవే ఏళ్ల మధ్య, పనిచేసేవాళ్లలో నెల జీతంవాళ్ల వాటా 22.8 నుంచి 21.7కి తగ్గింది. ఇంటి వ్యాపారంలో ఊరికే చేసేవాళ్ల వాటా 13.6 నుంచి 19.4కి పెరిగింది. అంటే ఆ కోడలి లాంటివాళ్లు. హెడ్‌లైన్‌కి ఎక్కింది మొదటి అంకె, మిగతావి రిపోర్టు లోపలి పట్టికల్లో ఉండిపోయాయి. ఓపిగ్గా ఆ పట్టికలు చదువు. బోర్ కొడుతుంది, అయినా చదువు.

ఆవిడ గల్లాపెట్టె కూడా ఒకసారి దగ్గరగా చూడు. ఉదయం బేరం అవగానే చిల్లర లెక్కపెట్టకముందే ఒక వంద నోటు తీసి మడిచి పక్కన పెడుతుంది. అది తండల్ వాడిది, అంటే అప్పిచ్చి రోజూ వసూలు చేసుకునేవాడిది. పది వేలు అప్పంటే చేతికిచ్చింది తొమ్మిది వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యేగా వడ్డీ అనిపిస్తుంది. కానీ అసలు రోజూ కరుగుతూనే ఉంటుంది కదా, లెక్కేసి చూస్తే ఏడాదికి 75 శాతం దాటుతుంది. వానకి బండి పెట్టకపోయినా ఆ వంద ఆగదు. నీ వ్యాసంలో 'పేదలు అప్పుల ఊబిలో కూరుకుపోతున్నారు' అన్న వాక్యం కొట్టేసి, అక్కడ ఈ వంద నోటు పెట్టు.

ధరల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 అక్టోబరులో దేశంలో ద్రవ్యోల్బణం 0.25 శాతం. అంతకుముందు ఏడాది అదే నెలలో అది 6 శాతం దాటింది, కూరగాయలు మండిపోయాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే ఈసారి కూరగాయలు దిగాయి. ఇంటద్దె, పిల్లల ఫీజు దిగలేదు. పైగా ద్రవ్యోల్బణం కొలిచిన అప్పటి ధరల సూచీలో దేనికెంత వాటా ఇవ్వాలో 2011-12లో జనం పెట్టిన ఖర్చును బట్టి నిర్ణయించారు. ఇది రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు, పేజీ నింపకు.

ఇంకో విషయం. నీ వాదనకు అడ్డొస్తాయని కొన్ని వదిలేశావు. ఆవిడ కోయంబేడు మార్కెట్టుకు వెళ్లేటప్పుడు బస్సు ఉచితం, ఆడవాళ్లకు టికెట్టు డబ్బు అక్కర్లేదు. నెలనెలా మహిళలకిచ్చే వెయ్యి రూపాయలు ఆవిడకు పడుతున్నాయి, రేషన్ బియ్యం ఊరికే వస్తోంది. ఇవన్నీ ఆ ఇంటిని నిలబెడుతున్నాయి, రాయాలి. రాస్తేనే తర్వాతి మాట నిలబడుతుంది. కరెంటు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమే, కానీ ఆవిడది అద్దిల్లు. ఓనరు విడిగా మీటరు పెట్టి మొదటి యూనిట్ నుంచే వసూలు చేస్తాడు.

వెళ్లి మాట్లాడేటప్పుడు "మీ నెల ఆదాయం ఎంతమ్మా" అని అడగొద్దు. ఆవిడకు నెల లెక్క ఉండదు, నీకోసం నోటికొచ్చింది చెబుతుంది. "నిన్న సరుకుకి ఎంతయింది, సాయంత్రానికి చేతిలో ఎంత మిగిలింది" అని అడుగు. పొద్దున బేరం టైములో పోయి నిలబడకు, పదకొండు దాటాక వెళ్లు. ఇడ్లీ పెడితే తిను, డబ్బులిచ్చి రా.

పేరు రాయొద్దు. ఏ వీధో కూడా రాయొద్దు, తండల్ వాడూ అదే పేటలో తిరుగుతాడు. రాసింది పంపేముందు ఆవిడకు చదివి వినిపించు. తీసేయమన్న వాక్యం తీసేయ్, నీకు ఎంత నచ్చిందైనా సరే. ఆ తర్వాత నాకు పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ అన్న