బడ్జెట్ ఎనలిస్ట్ అన్న పోస్టు లేదు, పని మాత్రం ఉంది

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ప్రభుత్వంలో బడ్జెట్ ఎనలిస్ట్‌గా పనిచేస్తానని కొన్నాళ్లుగా పట్టుబట్టి కూర్చుంది. బంధువుల పిల్లలు డేటా అనలిటిక్స్‌లో ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్తున్నారు. అది వద్దంటోంది, పోనీ బ్యాంకు పీవో పరీక్ష రాయమన్నా వినడం లేదు. ఈ ఉద్యోగం మేలా, బ్యాంకు మేలా పోల్చి చెప్పండి. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడిచిపోతే పిల్ల భవిష్యత్తు ఏమిటి?

జవాబు: మీకు నిద్ర పట్టనివ్వనిది ఆఖరి వాక్యం. ఉద్యోగం పేరు మార్చి ఇదే ప్రశ్న ఎందరో తల్లిదండ్రులు నన్ను అడిగారు. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. గడువు పెట్టుకుని చదివిన పిల్లల ఏళ్లు వృథా పోవడం నేను చూడలేదు. గడువు లేకుండా, "ఇంకొక్కసారి" అంటూ కూర్చున్నవాళ్లే నలిగిపోయారు. ఆ గడువు ఎంతో కింద చెబుతాను.

మీ అమ్మాయికి ముందుగా తెలియాల్సిన విషయం ఒకటుంది. మన ప్రభుత్వ నోటిఫికేషన్లలో బడ్జెట్ ఎనలిస్ట్ అన్న పోస్టు కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఆ పేరు అమెరికా ప్రభుత్వ సంస్థల్లో వాడుకలో ఉంది. మన దగ్గర అదే పనిని చాలా కుర్చీలు పంచుకుంటాయి. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖలోని బడ్జెట్ విభాగం, ప్రతి మంత్రిత్వ శాఖలో ఉండే ఆర్థిక సలహాదారు విభాగం, రాష్ట్ర సచివాలయంలోని ఆర్థిక శాఖ, ఖజానా కార్యాలయాలు, ఖర్చయ్యాక లెక్క సరిచూసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయం. వీటిలోకి దారులు సివిల్ సర్వీసెస్ ద్వారా ఉన్నాయి, కేంద్ర కార్యాలయాల ఉద్యోగాలకు డిగ్రీ అర్హతతో జరిగే సీజీఎల్ పరీక్ష ద్వారా ఉన్నాయి, ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ గ్రూప్స్ ద్వారానూ ఉన్నాయి. గ్రూప్-2లో ఆర్థిక శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టును చాలామంది జాబితాలో చూసి దాటిపోతారు. మీ అమ్మాయి కోరుకుంటున్న పనికి దగ్గరి పోస్టుల్లో అది ఒకటి. పరీక్షల వివరాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ఆ కుర్చీలో కూర్చున్నవారు చేసేదేమిటో చెబుతాను. 2025-26 బడ్జెట్ పుస్తకం తెరిస్తే ప్రతి పద్దు ఎదురుగా నాలుగు అంకెలు ఉంటాయి. 2023-24లో నిజంగా అయిన ఖర్చు, 2024-25కు వేసిన అంచనా, ఏడాది మధ్యలో సవరించిన అంచనా, 2025-26కు అడుగుతున్న మొత్తం. ఒక సంక్షేమ హాస్టళ్ల పద్దు వచ్చిందనుకుందాం. విద్యార్థుల సంఖ్య, తలకు ఇంత, నెలకు ఇంత అని లెక్క కట్టి భోజన ఖర్చు అడిగారు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ రెండేళ్ల క్రితం ఇచ్చిన డబ్బులో కొంత మార్చి చివర వెనక్కి సరెండర్ చేశారు. మరి ఇప్పుడు అంతకంటే ఎక్కువ ఎందుకు అడుగుతున్నారు? ఫోను చేస్తే తెలుస్తుంది: భవనం పూర్తి కాక అప్పుడు పిల్లలు చేరలేదు, ఇప్పుడు చేరారు. అడిగినంతా ఇవ్వడం న్యాయమే. ఆ ఒక్క ఫోను చేయకుండా పాత ఖర్చు చూసి కోత పెట్టి ఉంటే, జనవరి వచ్చేసరికి ఆ హాస్టల్లో పప్పు పలచబడేది. ఈ పని విలువ అక్కడ ఉంది. అంకెలు వచ్చినవాళ్లు చాలామంది దొరుకుతారు, అంకె వెనక ఉన్న మనిషిని చూసేవాళ్లు తక్కువ.

కష్టం కూడా దాచను. బడ్జెట్ సీజన్‌లో సెలవులు ఉండవు. పదిసార్లు సరిచేసిన పట్టికను పైవాళ్లు ఒక్క మాటతో మార్చేస్తారు. ఏడాది చివర హడావిడిగా ఖర్చు పెట్టడం ఆర్థిక మర్యాదకు భంగమని కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు స్పష్టంగా చెబుతున్నా, మార్చి నెలలో బిల్లులు వెల్లువెత్తుతూనే ఉంటాయి. "ఇది కుదరదు" అని మర్యాదగా, నియమం చూపించి చెప్పగలిగే నిబ్బరం కావాలి. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో చేరితే, పైకి ఎదగడానికి ఎస్ఏఎస్ అనే శాఖాపరమైన పరీక్ష గట్టెక్కాలి. ఉద్యోగం వచ్చింది కదా అని పుస్తకాలు కట్టిపెట్టేవాళ్లకు ఇది సరిపోదు.

ఇక మీరు ఆశగా చూస్తున్న అమెరికా ఎంఎస్ సంగతి. దానిపై నాకు గట్టి అనుమానాలున్నాయి. డేటా అనలిటిక్స్ చదువు చెడ్డదని అనను. సాఫ్ట్‌వేర్ మీద ఇష్టం, గణాంక శాస్త్రంలో పునాది ఉన్న పిల్లలు దానితో నిలబడతారు. బీకాం చదివి, ప్రభుత్వ ఖర్చు మీద మనసున్న అమ్మాయిని, బంధువుల పిల్లలు వెళ్లారన్న ఒక్క కారణంతో అప్పు చేసి పంపడం వేరు. అక్కడే బడ్జెట్ ఎనలిస్ట్ కావచ్చు కదా అని ఎవరైనా చెబితే నమ్మకండి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం ఉండాలి. కొన్ని నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే ఆన్‌లైన్ కోర్సుల విషయంలోనూ ఇదే మాట. ఎక్సెల్ బాగా నేర్చుకోమనండి, అది రోజూ పనికొస్తుంది. ఖరీదైన సర్టిఫికెట్ చూపించి ప్రభుత్వ పోస్టు తెచ్చుకోవడం మాత్రం కుదరదు.

బ్యాంకుతో పోలికా? జీతం మొదట్లో బ్యాంకులోనే ఎక్కువ. ప్రభుత్వ రంగ బ్యాంకు పీవో మూల వేతనం 48,480 రూపాయలతో మొదలవుతుంది. సీజీఎల్ ద్వారా వచ్చే ఆడిటర్, అకౌంటెంట్ పోస్టుల మూల వేతనం ఏడో వేతన సంఘం ప్రకారం 29,200 రూపాయలు. బ్యాంకులో లక్ష్యాలు, బదిలీలు, కౌంటర్ ముందు జనం. ఇక్కడ ఫైళ్లు, నియమాలు, నిదానంగా వచ్చే పదోన్నతులు. ఏది మేలన్నది మీ అమ్మాయి స్వభావం మీద ఆధారపడుతుంది, రెండింటిలో ఎక్కడున్నా ఆమె బతుక్కి లోటుండదు. ఆ ధైర్యం మీరు తెచ్చుకోండి.

గడువు సంగతి. డిగ్రీ పూర్తయ్యాక రెండేళ్లు. ఆ రెండేళ్లూ సీజీఎల్, గ్రూప్-2 కలిపి చదవాలి, పక్కన కాస్ట్ అకౌంటెంట్ల వృత్తి కోర్సు సీఎంఏలో చేరాలి. డిగ్రీ ఉన్నవారు నేరుగా ఇంటర్మీడియెట్ స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు. రెండేళ్లలో ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే ఆ సీఎంఏ చదువుతో ఏదైనా సంస్థ ఖాతాల విభాగంలో చేరి, వయసు ఉన్నంతవరకు పరీక్షలు రాసుకోవచ్చు. సీజీఎల్‌లో ఆడిటర్ పోస్టుకు జనరల్ అభ్యర్థులకు 27 ఏళ్ల వరకు, సివిల్స్‌కు 32 ఏళ్ల వరకు అవకాశం ఉంది. ఇప్పుడే తలుపులన్నీ మూసుకుపోయినట్టు బెంగపడడం అనవసరం.

చివరగా, కాస్త కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో బంధువుల పిల్లలున్నారు, బ్యాంకు ఉంది, మీ భయం ఉంది. ఈ పని మీ అమ్మాయికి ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యమైనా లేదు. మీరు అడగలేదని నాకు అనిపిస్తోంది. ఇరవై ఏళ్ల పిల్ల ఎవరూ పట్టించుకోని ఒక పనిని ఏరుకుందంటే ఎక్కడో ఏదో చదివింది, ఏదో చూసింది. అది మొండితనమని తీర్మానించేముందు ఈ రోజే పక్కన కూర్చుని అడగండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి.

ఆమెకు నా తరఫున ఒక పని చెప్పండి. రాష్ట్ర బడ్జెట్ పత్రాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో 2210 అనే పద్దు తీయమనండి, అది వైద్యం, ప్రజారోగ్యం. దాని పక్కన 4210 పెట్టుకోవాలి. అదే శాఖ భవనాలకు, యంత్రాలకు పెట్టే మూలధన వ్యయం అక్కడుంటుంది. ఆ శాఖపై ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక ఉంటే అదీ చదవాలి. మూడు వారాల్లో విసుగొస్తే మంచిదే, ఆ సంగతి ఇప్పుడే తెలిసిపోతుంది. "ఇంత డబ్బు ఇచ్చి ఎందుకు ఖర్చు పెట్టలేదు?" అన్న ప్రశ్నలు పుట్టుకొస్తే వాటిలో మూడు రాసి నాకు పంపమనండి. ఈసారి ఉత్తరం ఆమే రాయాలి.