మీరు అడిగారు: కొండకి పేరిచ్చిన హ్యారియట్ ఎవరు?

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్ దగ్గరి కొండని మౌంట్ హ్యారియట్ అనేవారు కదా, ఎవరండీ ఈ హ్యారియట్?

జవాబు: హ్యారియట్ టైట్లర్. 1860లలో అక్కడి ఖైదీల స్థావరానికి అధికారిగా పనిచేసిన రాబర్ట్ టైట్లర్ భార్య. 2021లో ఆ కొండకి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. కానీ ఆవిడని ఒక అధికారి భార్యగానే గుర్తుపెట్టుకుంటే అన్యాయం అనిపిస్తుంది నాకు. 1857లో ఇంగ్లీషు సైన్యం ఢిల్లీని ముట్టడించినప్పుడు ఆవిడ నిండు గర్భిణి, ఆ సైన్యం మధ్యలోనే ఎడ్లబండిలో మగబిడ్డని కన్నది, ఆ పిల్లాడి పేరులో 'ఢిల్లీ ఫోర్స్' అని కూడా చేర్చారు! మరుసటి ఏడాది భార్యాభర్తలు ఫోటోగ్రఫీ నేర్చుకుని, యుద్ధంలో దెబ్బతిన్న ఊళ్లు తిరిగి, 500కి పైగా ఫోటోలు తీశారు. అప్పటికి ఫిల్మ్ రాలేదు, మైనం పట్టించిన పెద్ద కాగితమే నెగెటివ్, ఎక్స్‌పోజర్‌కి చాలాసేపు పట్టేది కాబట్టి కదిలే మనుషులు సరిగ్గా పడేవారు కాదు, గోడలు మాత్రం స్పష్టంగా వచ్చేవి.

డెబ్బై దాటాక జ్ఞాపకాలు రాసింది. 1907లో సిమ్లాలో చనిపోయింది, ఆ రాతలు పుస్తకంగా వచ్చింది మాత్రం 1986లో. పాలించేవాళ్ల వైపు నుంచి రాసినవే, అయినా చదవండి.