ఒక్క ఫైలు, 18 కంప్యూటర్లు

ప్రశ్న: సర్, పాడేరు దగ్గర ఒక బడిలో కంప్యూటర్ టీచర్ని. మా ల్యాబ్‌లో 18 కంప్యూటర్లున్నాయి, నెట్ లేదు. ఉన్నదల్లా నా ఫోన్ హాట్‌స్పాట్. రోజుకి ఒకటిన్నర జీబీ, అదీ ఫోన్ కిటికీలో పెడితేనే సిగ్నల్. మైక్రోసాఫ్ట్ కేటలాగ్ అనే సైటు నుంచి అప్‌డేట్ ఫైలు తెచ్చి పెన్‌డ్రైవ్‌తో వేసుకోవచ్చని మా తమ్ముడు చెప్తే, విశాఖ వెళ్లినప్పుడు దించుకొచ్చాను. ఏడు కంప్యూటర్లకి ఎక్కింది. మిగతా 11 'ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కు వర్తించదు' అంటున్నాయి. ఫైలు పాడైందా? మళ్లీ విశాఖ వెళ్లాలా?

జవాబు: వెళ్లాలి టీచర్ గారూ, కానీ ఈసారి ఒక చీటీ రాసుకుని వెళ్లాలి. ఏడింటికి ఎక్కిందంటే ఫైలు బాగానే ఉన్నట్టు. తేడా అంతా కంప్యూటర్లలో ఉంది. ఒకే రంగు, ఒకే కంపెనీ డబ్బాలు వరసగా కనిపిస్తే లోపల కూడా ఒకటే అనుకుంటాం. మన బళ్లలో అలా ఉండదు. నాలుగు ఒక స్కీములో వచ్చుంటాయి, ఆరు మరో ఏడాది దాతలు ఇచ్చుంటారు, మధ్యలో ఎవరో మెకానిక్ వచ్చి రెండింటికి తన దగ్గరున్న విండోస్ ఏదో ఎక్కించి వెళ్లుంటాడు.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ప్రతి కంప్యూటర్ డబ్బాకి తెల్ల ప్లాస్టర్ అంటించి నంబరు వేయండి. విండోస్ బొమ్మ ఉన్న మీటా, ఆర్ మీటా కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో విన్‌వర్ అని, అంటే డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. వెర్షన్ 22హెచ్2, బిల్డ్ 19045 అనీ, చుక్క పెట్టి ఇంకో నంబరూ కనిపిస్తాయి. చుక్క ముందున్నది ఏ విండోసో చెబుతుంది, చుక్క తర్వాతది ఏ నెల దాకా అప్‌డేట్ అయిందో చెబుతుంది. రెండూ రాసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిచి 32 బిట్టా 64 బిట్టా చూసి పక్కనే రాయండి. పద్దెనిమిదింటికీ కలిపి గంట కూడా పట్టదు. ఏడో తరగతి పిల్లలకి పంచితే పావుగంట.

మీ 11 కంప్యూటర్లు ఎందుకు మొండికేశాయో ఆ నోటుబుక్కే చెబుతుంది. నేను ఎక్కువగా చూసింది బిట్ల తేడా. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాతవాటిలో 32 బిట్ విండోస్ ఉంటుంది. కేటలాగ్‌లో 64 బిట్ ఫైలు పేరులో ఎక్స్64 అని, 32 బిట్ దానిలో ఎక్స్86 అని ఉంటుంది. 86 పెద్ద నంబరు కదా, అదే కొత్తదేమో అని దించుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లలో ఒకాయన ఇంజినీరు. అలాగే ఏఆర్‌ఎమ్64 అని ఇంకో రకం కనిపిస్తుంది. దాని జోలికి పోకండి, అది వేరే ప్రాసెసర్లకి.

రెండోది వెర్షన్ తేడా. 22హెచ్2 కోసం చేసిన ఫైలు 1909 అనే పాత వెర్షన్ మీద కూర్చోదు. అలాంటి పాత వెర్షన్ ఉంటే నెలవారీ అప్‌డేట్ల సంగతి పక్కన పెట్టి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 10 ఐఎస్‌ఓ, అంటే విండోస్ మొత్తం ఉన్న ఒకే ఫైలు, తెచ్చుకోండి, 64 బిట్‌ది ఐదు జీబీ పైన ఉంటుంది. దాన్ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసి, డబుల్ క్లిక్‌తో తెరిచి సెటప్ నడపండి. మొదటి తెరలోనే అప్‌డేట్లు ఎలా దించాలో మార్చుకునే లింకు ఒకటి చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో 'నాట్ రైట్ నౌ' పెట్టండి, లేకపోతే లేని నెట్ కోసం వెతుక్కుంటుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంచమని ఎంచుకోవడం మరిచిపోవద్దు.

ఇంకో కారణం తేదీ. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ రోజు వచ్చిన కేబీ 5066791 (కేబీ అంటే ఇక్కడ అప్‌డేట్ నంబరు) మీకు కావలసిన ఫైలు. అది ఎక్కాక విన్‌వర్‌లో 19045.6456 అని కనిపించాలి. తర్వాతి నెలల ఫైళ్లు కూడా కేటలాగ్‌లో ఉంటాయి గానీ, ఈఎస్‌యూ అనే భద్రతా అప్‌డేట్ల పొడిగింపు లేని కంప్యూటర్‌లో అవి నిలబడవు. మీరు 'అన్నిటికన్నా కొత్తది' అని చూసి దించి ఉంటే సగం తిప్పలు అక్కడే. ఆ పొడిగింపు ధర విద్యాసంస్థలకు మొదటి ఏడాది కంప్యూటర్‌కు 1 డాలరు, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. మీ హెచ్‌ఎమ్ గారి చెవిన వేయండి. కాకపోతే అది బడి పేరు మీద, సంస్థలకు టోకుగా ఇచ్చే వాల్యూమ్ లైసెన్సు దారిలో తీసుకోవాలి, మీ జేబులోంచి కట్టేది కాదు.

పాత ఫైళ్లు నెలనెలా ఏరుకోవాలా అని భయపడకండి. విండోస్ 10 మొదలైన 2015 నుంచీ నెలవారీ అప్‌డేట్ అంటే వెనకటివన్నీ కలిపిన ముద్ద. ఆఖరిది ఒక్కటి వేస్తే చాలు. కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావలసిన డాట్‌నెట్ అనే భాగానిది మాత్రం విడిగా వస్తుంది. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్, దాని వైరస్ జాబితా కూడా విడిగా వచ్చే ఫైలే, డబుల్ క్లిక్ చేసి నడిపితే సరి. పట్నం వెళ్లిన ప్రతిసారీ తెచ్చుకోండి. మీ పిల్లల పెన్‌డ్రైవ్‌లకి నెలవారీ అప్‌డేట్ కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

మీ దగ్గర కొత్తవి ఏవైనా ఉండి వాటిలో విండోస్ 11, 24హెచ్2 ఉంటే పద్ధతి కొంచెం మారుతుంది. కేటలాగ్‌లో డౌన్‌లోడ్ నొక్కగానే ఒకటి కాదు, రెండు ఫైళ్లు కనిపిస్తాయి. ఒకటి 2024 సెప్టెంబర్ నాటి కేబీ 5043080. ముందు అది, తర్వాత కొత్తది. 'రెండోదాంతో పనేముంది' అని ఒక్కటే తెచ్చుకుంటే మళ్లీ ఘాట్ రోడ్డు దిగాలి. ఈ విండోస్ 11 ఫైళ్లు జీబీల లెక్కలో ఉంటాయి. నాలుగు జీబీ దాటిన ఫైలు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, ఖాళీ ఎంతున్నా సరే. ముందే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకు వెళ్లండి.

ఇక ఎక్కించే పని. ఒక్క కంప్యూటర్‌లో వేసి, రీస్టార్ట్ చేసి, మర్నాడు చూసి, అప్పుడు మిగతావాటి దగ్గరికి వెళ్లండి. మర్నాడు అని ఎందుకు నొక్కి చెబుతున్నానో వినండి. 2017 మే 12న, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చి 14నే విడుదలైనా వేసుకున్నవాళ్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని పత్రికల్లో రాగానే అందరికీ ఒక్కసారి వణుకు పుట్టింది. ఒక పాలిటెక్నిక్ వాళ్లు నన్ను పిలిచారు. విండోస్ 7 ఉన్న 30 కంప్యూటర్లు. ఆదివారం పొద్దున్నే రెండు పెన్‌డ్రైవ్‌లతో వెళ్లి, మధ్యాహ్నం అక్కడే పులిహోర పొట్లం తిని, సాయంత్రం ఆరింటికి ముగించాను. సోమవారం తొమ్మిదింటికి ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్: 'సార్, మీరు వేసినవేవీ లేవు.' నమ్మలేదు. వెళ్లి చూస్తే నిజమే. పిల్లలు ఏం చెరిపినా రీస్టార్ట్‌తో మళ్లీ మొదటికి తెచ్చే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ ఒకటి అన్నిటిలోనూ ఉంది. అది నా పనిని కూడా పిల్లల అల్లరి కింద జమకట్టి తుడిచేసింది. దాని పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి బదిలీ అయి రెండేళ్లు. ఆయన్ని పట్టుకోవడానికి పట్టిన సమయం, 30 కంప్యూటర్లకి మళ్లీ వేయడానికి పట్టలేదు. మీ ల్యాబ్‌లో గడియారం పక్కన తెలియని బొమ్మ ఏదైనా ఉంటే ముందు అదేమిటో కనుక్కోండి.

పెన్‌డ్రైవ్ గురించి. మీ పిల్లలు వాడే పెన్‌డ్రైవ్‌లు గుచ్చిన కంప్యూటర్లలోనే మీదీ గుచ్చుతారు కాబట్టి, ఒకదాని జబ్బు పద్దెనిమిదింటికీ పంచే ప్రమాదం ఉంది. నేను వాడేది పాత కెమెరా ఎస్‌డీ కార్డు, ఒక కార్డ్ రీడరు. కార్డు పక్కన గోటితో జరిపే చిన్న తాళం ఉంటుంది. ఫైళ్లు ఎక్కించాక దాన్ని కిందికి జరిపితే కంప్యూటర్ చదువుతుంది గానీ రాయలేదు. ఫైలుని ముందు డెస్క్‌టాప్ మీదకి లాగి, అక్కడి నుంచి డబుల్ క్లిక్ చేయండి.

ఒకేసారి పద్దెనిమిదీ మొదలుపెట్టకండి. మీ వైపు కరెంటు ఎప్పుడు పోతుందో మీకే బాగా తెలుసు. రీస్టార్ట్ అయ్యేటప్పుడు తెర మీద 30 శాతం అని ఉండగా కరెంటు పోతే ఆ కంప్యూటర్ వెనక్కి దిద్దుకోవడానికి గంట తీసుకోవచ్చు, ఒక్కోసారి అసలు లేవదు. యూపీఎస్ బాగున్నవి ముందు, ఐదేసి చొప్పున.

అప్‌డేట్లు ఒకచోట దించి అన్నిటికీ పంచే డబ్ల్యూసస్ సర్వర్ పెట్టమని మీకెవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. 18 కంప్యూటర్లకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, పైగా దానికి ఇక కొత్త హంగులు చేర్చబోమని మైక్రోసాఫ్టే 2024 సెప్టెంబర్‌లో చెప్పేసింది. ఒకటి దించుకుంటే లాన్‌లో, అంటే ల్యాబ్ లోపలి నెట్‌వర్క్‌లో, మిగతావి పంచుకుంటాయనే డెలివరీ ఆప్టిమైజేషన్ మంచిదే గానీ, దానికి ప్రతి కంప్యూటర్‌కీ కాస్తయినా నెట్ తగలాలి. మీకు కుదరదు.

ప్రశ్న: మా షాపులో ఆరు కంప్యూటర్లలో విండోస్ బదులు ఉబుంటు. నెట్ ఒక్కదానికే. ఇలాంటి దారి ఉందా? (కోదాడ పాఠకుడు)

జవాబు: మీది ఇంకా సులువు. లాన్ వైరు ఉంటే నెట్ ఉన్నదానిలో ఆప్ట్-కేచర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాము వేసి, మిగతా ఐదింటినీ దాని 3142 పోర్టు వైపు తిప్పండి. ఒకసారి దిగిన ప్యాకేజీ మళ్లీ బయటి నుంచి రాదు. వైరు కూడా లేకపోతే ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే ప్రోగ్రాము ఉంది. నెట్ లేని కంప్యూటర్ తనకేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసిస్తుంది, దాన్ని నెట్ ఉన్నదాని దగ్గరికి తీసుకెళ్లి సరుకులు నింపుకుని రావడమే. కిరాణా కొట్టు చీటీలాంటిదే. అన్నిటిలో ఒకే ఉబుంటు ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి, పై టీచర్ గారికి చెప్పినట్టే.