మామ్మగారి పుస్తకం గురించి

విజయవాడ,
సత్యనారాయణపురం.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ముప్ఫై పేజీలూ చదివాను. మామ్మగారి సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేయాలనుకోవడం మంచిదే. నీకు చెయ్యి తిరిగింది కూడా. కానీ మొదటి రెండు పేజీల్లోనే ‘త్యాగమూర్తి’ మూడు చోట్ల, ‘అన్నపూర్ణ’ రెండు చోట్ల తగిలాయి. ఆ మాటలు బందరు రోడ్డు మీద కట్టే ఏ ఫ్లెక్సీకైనా సరిపోతాయి. ఇది మీ మామ్మగారే, ఇంకొకరు కాదు అని పట్టిచ్చే వాక్యం మొత్తం మీద ఒక్కటే కనబడింది: “చూపు తగ్గాక గ్లాసులో పాలు పోసేటప్పుడు చప్పుడుని బట్టి ఆపేది.” అలాంటివి ఇంకో ఇరవై తవ్వి తీశావంటే విశేషణాలు నువ్వు కొట్టేయక్కర్లేదు, అవే రాలిపోతాయి.

ముందు లెక్కలు తేల్చుకో. నూట రెండేళ్లు బతికిందని రాశావు, దేన్ని పట్టుకుని? ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే దాన్ని నమ్మకు. పుట్టినరోజు తెలియనివాళ్లకి చెప్పిన వయసును బట్టి వేసే తేదీ అది. పైగా తొంభై దాటినవాళ్లకి ఏటా రెండేసి ఏళ్లు కలపడం మన ఇళ్లలో మామూలే. పెళ్లి శుభలేఖ వెతుకు, అందులో సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం ఉంటాయి. చాలామంది అక్కడే బోల్తా పడతారు. ‘ధాత నామ సంవత్సర మాఘ మాసం’ అని కనబడగానే 1936 అని రాసేస్తారు. ధాత 1936 ఉగాదికి మొదలైంది నిజమే, దాని మాఘం వచ్చేసరికి మాత్రం 1937 వచ్చేసింది. మాఘ ఫాల్గుణాలకి ఒకటి కలుపుకోవాలి. పుష్యమైతే తిథి చూసి తేల్చుకో. వారం కూడా కలిస్తే ఇంక అనుమానం లేదు.

శుభలేఖ దొరక్కపోతే దస్తావేజులు చూడు. పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చి ఉంటే అందులో తండ్రి పేరు, భర్త పేరు, ఒక్కోసారి వయసు కూడా ఉంటాయి. ముసలివాళ్లు ఏడాది చెప్పరు, గుర్తు చెబుతారు. “బ్యారేజీ కట్టేటప్పుడు మా రెండోవాడు చంకలో ఉన్నాడు” అంటే 1954కీ 1957కీ మధ్య. “ఉప్పెన వచ్చిన ఏడు” అంటే 1977 నవంబరు. “ఫలానా పుష్కరాలకి” అంటే కృష్ణకి 1980, 1992, 2004, 2016. ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని గోడకి అంటించుకో.

ఆ కాగితం ఉండుంటే ఐదో పేజీలో తప్పు పడేది కాదు. పెళ్లయిన మూడో ఏట ఎడ్లబండిలో ప్రకాశం బ్యారేజీ దాటి కాపురానికొచ్చిందన్నావు. అప్పటికి ఉన్నది పాత ఆనకట్ట, రైలు వంతెన. వచ్చింది రైల్లోనో పడవలోనో కనుక్కో. నిజం తెలిస్తే నీకు ఇంకా మంచి ఘట్టమే దొరుకుతుంది. అలాగే 1945లో పది పైసల మల్లెపూలు కొనిపించావు. కొత్త పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు అణాలు, రూపాయికి పదహారు. ‘బేడ పెట్టి కొంది’ (బేడ అంటే రెండణాలు) అని రాస్తే ఆ కాలం దానంతటదే వచ్చేస్తుంది.

ఇక ఆవకాయ. ‘ఆమె ఆవకాయ అమృతం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాలుగు పేజీల సరుకు అది! కాయ చిన్నరసమా, జలాలా, పెరట్లో నాటుకాయా? ఇంట్లో కొట్టేవారా, బజారులో కొట్టించేవారా? ముక్కముక్కకీ టెంక ఉండేలా చూసి, జీడీ పొరా తీసి, పొడిబట్టతో తుడిచే పని ఎవరిది? కారం గుంటూరు సన్నాలదేనా, రంగు కోసం వేరే రకం కలిపేదా? కొలత దేంతో? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఆమె చేతి లెక్కని కిలోల్లోకి మార్చి పాడుచేయకు. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు రుచి చూసేదా, వాసనతోనే చెప్పేదా? జాడీకి వాసెన ఏ చీర ముక్కతో కట్టేది? తడి గరిటె పెట్టి జాడీకి బూజు పట్టించిన కోడలు ఎవరు, ఆ రోజు మామ్మగారు ఏమంది? పేచీ దగ్గరే మనిషి బయటపడుతుంది.

ఇవి అడగాల్సింది కొడుకుల్ని కాదు. వాళ్లు “మా అమ్మ దేవత” అని కళ్లు తుడుచుకుంటారు, నీ నోటు పుస్తకం ఖాళీగా మిగులుతుంది. తోడికోడల్ని, ఆడపడుచుని, ఆ ఇంట్లో పాతికేళ్లు అంట్లు తోమినావిడని అడుగు. వాళ్లు మధ్యాహ్నం కునుకు తీశాక వెళ్లు. ఫోను రికార్డింగులో పెట్టి మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచు, ఫ్యాను తగ్గించు. నలభై నిమిషాలు దాటితే వాళ్లు అలిసిపోయి నువ్వు ఏది వినాలనుకుంటే అదే చెప్పడం మొదలుపెడతారు. “ఎలాంటి మనిషి?” అని అడగొద్దు, “పొద్దున్నే లేచాక మొదట ఏం చేసేది?” అని అడుగు. మామ్మగారు “అట్టా కాదురా” అని ఉంటే దాన్ని “అలా కాదు నాయనా” అని దిద్దకు.

పెద్దకూతుర్ని ఐదో తరగతితో బడి మాన్పించిన సంగతి ఒక వాక్యంలో దాటేశావు. మాన్పించమన్నది ఎవరు, మామ్మగారు ఒప్పుకుందా, తర్వాత ఎప్పుడైనా బాధపడిందా? ముందు ఆ కూతురి దగ్గర కూర్చో. ఆమె వద్దంటే తీసెయ్, సరేనంటే మెత్తబరచకుండా రాయి. పొలం పంపకాల తగువు మాత్రం వదిలెయ్. అందులో మామ్మగారి కంటే మీ బాబాయిలే ఎక్కువ కనబడుతున్నారు.

ఫోటోలు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో తడిసిన ఆల్బం మీ అత్తయ్యగారింట్లో ఉందన్నావు. ఫ్రేము కట్టించినవాటిలో అద్దానికి అతుక్కున్న బొమ్మ ఉంటే గోటితో లాగొద్దు, పైపొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించు, 600 డీపీఐకి తగ్గకుండా. వెనక పెన్సిల్ రాత ఉంటే అదీ స్కాన్ చేయించు.

అచ్చుకి డెమ్మీ సైజు చాలు. పేజీలు పదహారు లెక్కన ఫారాలుగా కడతారు కాబట్టి 64 పేజీల దగ్గర ఆపు, 66 అయితే ఖర్చు దండగ. యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని ప్రెస్సువాళ్లు తమ పాత పద్ధతి ‘అను’ ఫాంట్లలోకి మారిస్తే వత్తులు ఎగిరిపోతుంటాయి. ప్రూఫు రెండుసార్లు చూడు, రెండోసారి కాగితం మీద.

శుభలేఖ దొరికితే ముందు ఫోటో తీసి నాకు పంపు. మడతల దగ్గర చిరిగి ఉంటే టేపు మాత్రం వేయకు, కొన్నాళ్లకి జిగురు పసుపెక్కి తిథి ఉన్న వరసే కనబడకుండా పోతుంది.