పక్క తవ్వకంతో ఉమ్మడి గోడ ఒరిగితే

ప్రశ్న: విశాఖ సీతమ్మధారలో మా ఇల్లు 1998లో కట్టినది. పక్కవారితో కలిసి చెరి సగం ఖర్చుతో కట్టుకున్న ప్రహరీ, వారు సెల్లార్ కోసం గోడ మొదటి వరకూ జేసీబీతో తవ్వించడంతో ఒరిగింది. మా వంటింటి గోడకు రూపాయి బిళ్ల దూరేంత బీట పడింది. అడిగితే ‘మాకు ప్లాన్ ఉంది’ అంటున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: నగరపాలక సంస్థ ఇచ్చే ప్లాన్ కట్టుకోవడానికి అనుమతే గాని, పక్కవారి ఇంటిని దెబ్బతీసే హక్కు కాదు. మీ నేలకు పక్క నేల సహజంగా ఇచ్చే ఊతను పోగొట్టకూడదన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్. ఇంటి బరువుకు సైతం ఆ ఊత కోరాలంటే ఆటంకం లేకుండా 20 ఏళ్లు పొంది ఉండాలని 15వ సెక్షన్ అంటుంది. మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో నిండింది.

ముందుగా తవ్వకం ఆగాలి, ఎందుకంటే వాన పడి గోతిలో నీరు నిలిస్తే పునాది కింది మట్టి జారిపోతుంది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. పక్కవారి ప్లాన్ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అయితే నష్టపరిహారం ఇప్పించేది ఆ కార్యాలయం కాదు, సివిల్ కోర్టు.

బీటను తొందరపడి పూడ్పించకండి. చాలామంది ఇక్కడే సాక్ష్యాన్ని చేజేతులా చెరిపేసుకుంటారు. బీటకు అడ్డంగా సిమెంటు పట్టీ వేయించి, దానిపై తేదీ రాసి ఫోటో తీయండి. ఆ పట్టీ చిట్లితే గోడ ఇంకా కదులుతున్నట్టే. ఇంజనీరుతో నివేదిక, మరమ్మతు అంచనా రాయించుకోండి.

ఆపై లాయరు నోటీసు పంపి, దావా వేసి, పని ఆపేలా మధ్యంతర ఉత్తర్వు (ఇంజంక్షన్)తో పాటు, గోడను చూసి నివేదిక ఇచ్చేందుకు అడ్వకేట్ కమిషనర్‌ను నియమించాలని కోరండి. గోడను తిరిగి నిలబెట్టించమనీ, పరిహారం ఇప్పించమనీ అదే దావాలో అడగవచ్చు. పరిహారానికి మూడేళ్ల గడువుంది గాని, అంతవరకూ ఆగవద్దు.

పక్కవారు మాట వినే మనుషులైతే, దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లడం మేలని నా అభిప్రాయం. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది. మహిళగా మీకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆ సంస్థ న్యాయవాదిని ఉచితంగా ఏర్పాటు చేస్తుంది.